పాత చీటీకి కొత్త తేదీ

చెన్నైలో పెరంబూరు వంటి చోట జనరల్ ప్రాక్టీసు చేసే డాక్టరు దగ్గరికి సాయంత్రం ఓపీలో జ్వరం, దగ్గు అంటూ వచ్చేవారి కంటే "పాత మందులే మళ్ళీ రాసివ్వండి డాక్టరమ్మా" అంటూ వచ్చేవారే ఎక్కువ. వారిలో చాలామంది ఇక్కడి రైల్వే క్యారేజీ వర్క్స్‌లోనో, ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలోనో పనిచేసి రిటైరైనవారు. తాతల కాలంలో నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ స్థిరపడిన కుటుంబాలవారు. బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె మందులు వారికి ఏళ్ళ తరబడి సాగుతూ ఉంటాయి. వచ్చిన రోజున ఒంట్లో ఏ బాధా ఉండదు. మాత్రలు అయిపోయాయి కాబట్టి వస్తారు. అందువల్ల ఈ పనికి డాక్టరు గానీ రోగి గానీ రెండు నిమిషాలకు మించి సమయం కేటాయించరు. నా ఉద్దేశంలో మాత్రం జనరల్ ప్రాక్టీసులో అతి జాగ్రత్తగా చేయవలసిన పని ఇదే. బాధతో వచ్చిన మనిషిని పరీక్షించేలా ఆ బాధే మనల్ని పురికొల్పుతుంది. పాత మందుల కోసం వచ్చిన మనిషి విషయంలో మనల్ని ఒక్క క్షణం ఆపగలిగింది చీటీ మీద మనం ముందుగా రాసి పెట్టుకున్న మాటలు తప్ప మరొకటి లేదు.

ఆ మాటలు ఏమిటన్నదానికి చట్టంలోనే సగం సమాధానం ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 1945లో చేసిన నియమాలలో 65వ నియమం ప్రకారం, డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులను ఆ చీటీకి ఒక్కసారే ఇవ్వాలి. మళ్ళీ ఇవ్వవచ్చునని డాక్టరు ఆ చీటీ మీద రాసి ఉంటేనే రెండోసారి ఇవ్వాలి. ఇన్నిసార్లు అని గానీ, ఇన్నాళ్ళకొకసారి అని గానీ రాసి ఉంటే ఆ లెక్క దాటకూడదు. ఇచ్చిన ప్రతిసారీ డాక్టరు సంతకానికి పైన దుకాణం పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ వేయాలి. మొత్తం ఎంత మందు ఇవ్వాలో, ఏ మోతాదులో వాడాలో డాక్టరు స్పష్టంగా రాయాలన్నది కూడా అదే నియమంలో ఉంది. అంటే మళ్ళీ మళ్ళీ మందు ఇచ్చే ఏర్పాటు మన దేశంలో లేదనుకోవడం సరికాదు. ఏర్పాటు ఉంది, దాన్ని నడపవలసిన వాక్యం మన చీటీల మీద లేదు.

ఆ వాక్యం లేనందువల్ల ఏమవుతుందో చూడాలంటే మా దగ్గరికి వచ్చే చీటీలను చూస్తే చాలు. గుండె డాక్టరో, షుగరు డాక్టరో ఎప్పుడో రాసిన కాగితం చిరిగిపోతుందని దాన్ని ల్యామినేషన్ చేయించుకుని, పర్సులో పట్టేలా మడత గీతలతో సహా భద్రంగా దాచుకున్నవారు ఉన్నారు. ఆ ప్లాస్టిక్ మీద ముద్ర పడదు, సిరా అంటదు; కాబట్టి ఏ దుకాణం ఎప్పుడు ఎంత ఇచ్చిందో ఆ చీటీకి తెలియదు. అలాంటి ఒక చీటీ అడుగున డాక్టరు చేతిరాతలో "కంటిన్యూ" అని మాత్రమే ఉంటుంది. ఎంతకాలం కంటిన్యూ, ఏ పరీక్ష చూసుకుని కంటిన్యూ అన్నది రాసినవారికి తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళ తరువాత రాసినవారికి కూడా గుర్తుండదు. ఇంకొందరికి ఆ చీటీ కూడా అవసరం లేదు, మాత్రలు అయిపోయిన ఖాళీ షీటును మెడికల్ షాపులో చూపిస్తే సరిపోతుంది. దీనికి షాపువారిని మాత్రమే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. బీపీ మాత్ర ఆపేసి ఇంటికి పొమ్మనడం కంటే ఇవ్వడమే మేలని కౌంటరు దగ్గర నిలబడిన మనిషి అనుకుంటే, ఆ ఆలోచనలో మానవత్వం ఉంది. అతనికి తేదీ, లెక్క ఇవ్వవలసినవాళ్ళం మనం.

ఒక మందు ఎందుకు మొదలైందో రాసి ఉండకపోతే అది ఎప్పుడు ఆగాలో ఎవరూ చెప్పలేరు. గుండెకు స్టెంటు వేసిన తరువాత రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ ఇస్తారు. ఈ జంట మందులను సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడి, ఆ పైన రోగి పరిస్థితిని బట్టి గుండె డాక్టరు ఒకదాన్ని ఆపుతారు. డిశ్చార్జి కాగితంలో ఆ గడువు ఉంటుంది. కానీ ఇంటికి వచ్చాక ఆ కాగితం బీరువాలోకి పోతుంది, చేతిలో మిగిలేది మందుల పేర్లున్న చీటీ మాత్రమే. నాలుగైదేళ్ళ తరువాత పళ్ళు తోముకుంటుంటే రక్తం వస్తోందనో, మోచేతుల మీద నల్లటి మచ్చలు పడుతున్నాయనో చెప్పినప్పుడు గానీ రెండు మందులూ ఇంకా నడుస్తున్న సంగతి బయటపడదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: ఇది చదివి ఎవరూ ఆ మాత్రను సొంతంగా ఆపకూడదు, స్టెంటు వేసిన తొలి నెలల్లో ఆపితే స్టెంటు మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. నేను చెప్పేది, ఆ గడువు తేదీ ప్రతి చీటీ మీదికీ నకలు కావాలని, దాన్ని చూసి గుండె డాక్టరును అడిగి రమ్మని పంపవలసిన బాధ్యత పాత మందులు రాసేవారిదని.

గ్యాస్ మాత్ర సంగతి ఇంతకంటే మామూలు. మోకాళ్ళ నొప్పులకు వారం రోజుల మాత్రలు రాసినప్పుడు కడుపు మంట రాకుండా పాంటోప్రజోల్ జతచేస్తారు. నొప్పి మాత్ర ఆగుతుంది, గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి పరగడుపున సాగుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడే పెద్దవారికి అది కావలసిన మందే, దాన్ని తీసేయకూడదు. కారణం లేకుండా సాగేవారిలో మాత్రం విటమిన్ బి12, మెగ్నీషియం తగ్గే అవకాశాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఒకే మాత్రను ఒకరికి ఉంచి మరొకరికి ఆపాలంటే కారణం తెలిసి ఉండాలి. అందుకే నా చీటీలో ప్రతి మందు పక్కనా అది దేనికోసమో ఒక్క ముక్క రాస్తాను.

మందుకు వచ్చిన దుష్ఫలితాన్ని కొత్త జబ్బుగా భావించి దానికి ఇంకో మందు రాయడం పాత చీటీలలో తరచుగా కనిపించే ఇంకో చిక్కు. బీపీకి ఇచ్చిన ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు చూసి నీరు తీసే మాత్ర మొదలుపెడతారు. దానివల్ల పొటాషియం తగ్గి కాళ్ళు పీకుతాయి, దానికి మరొక మందు వస్తుంది. మూడు మాత్రల ఆ చీటీలో రెండు మొదటి దానివల్ల వచ్చినవే. ఏ మాత్ర ఏ నెలలో మొదలైందో వరసగా రాసి ఉంటే ఈ గొలుసు ఒక చూపుకు తెలిసిపోతుంది, లేకపోతే నలుగురు డాక్టర్లు చూసినా తెలియదు.

ఇక పరీక్షల విషయం. పాత మందులు రాయమన్నవారికి మూడు నెలలకొకసారి ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ చేయించమనడం నాకు ఇష్టం ఉండదు; దానిలో అక్కరలేనివి డజన్ల కొద్దీ ఉంటాయి, కావలసిన ఒకటి ఒక్కోసారి ఉండదు. ఏ మందుకు ఏ పరీక్ష కావాలో అదే రాయాలి. టెల్మిసార్టన్ వంటి బీపీ మందు మొదలుపెట్టినా, మోతాదు పెంచినా ఒకటి రెండు వారాలలో మూత్రపిండాల కోసం క్రియాటినిన్, దానితో పాటు పొటాషియం చూడాలి, ఆ తరువాత అన్నీ సరిగా ఉంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. థైరాయిడ్ మాత్ర మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాతే థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ అర్థవంతంగా ఉంటుంది, వారం తిరగకుండా చూసి మళ్ళీ మార్చడం వృథా. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడేవారిలో మూత్రపిండాల పనితీరును చూపే ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు గురించి ఆలోచించాలి, 30 కంటే తగ్గితే ఆపాలి. అదే మందు చాలా ఏళ్ళు వాడితే బి12 తగ్గవచ్చు. అరికాళ్ళ తిమ్మిర్లను షుగరు వల్లనే అనుకుని వదిలేసినవారిలో కొందరికి అసలు కారణం ఇదే. అసినోకౌమరోల్, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మాత్రలకు, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్‌ఆర్ రిపోర్టు చూడకుండా నేను చీటీ రాయను. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు, దాన్ని రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. కాబట్టి వారంలో ఏ రోజునో, ఉదాహరణకు ఆదివారం అని, అక్షరాలలో రాయాలి.

వయసు కూడా ఒక పరీక్షే. అరవై ఏళ్ళప్పుడు సరిపోయిన గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర మోతాదు ఎనభై ఏళ్ళకు, తిండి తగ్గి, మూత్రపిండాలు మందగించిన తరువాత, షుగరును ప్రమాదకరంగా దించవచ్చు. రిపోర్టులో షుగరు బాగుంది కాబట్టి మందు మార్చనక్కరలేదని కొడుకు వాదిస్తాడు; మరీ బాగుండటమే ఇక్కడ నా అనుమానం. మే నెల కత్తిరి ఎండల్లో బీపీ మందులు వాడే పెద్దవారికి లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. దీనికి రిపోర్టూ ఖర్చూ లేవు, ఒక కుర్చీ, రెండు నిమిషాల ఓపిక చాలు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కంగారుపెట్టేది పేర్ల గందరగోళం. ఇక్కడ రైల్వే పెన్షనర్లకు దక్షిణ రైల్వే ఆసుపత్రి నుంచి మందులు వస్తాయి, పిల్లలు తీసుకెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రి చీటీ ఒకటి ఉంటుంది, వీధి చివర షాపువారు ఇచ్చిన బ్రాండు ఇంకొకటి. మందులున్న సంచీ మొత్తం తీసుకురమ్మని నేను పట్టుబడతాను. అలా ఒక పెద్దాయన తెచ్చిన సంచీని బల్ల మీద కుమ్మరిస్తే టెల్మిసార్టన్ ఒక షీటు, టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ కలిపిన మాత్రలు వేరే కంపెనీవి ఒక షీటు, మళ్ళీ విడిగా ఆమ్లోడిపిన్ ఒక షీటు కనిపించాయి. "మూడు రంగులు కదమ్మా, మూడు వేర్వేరు మందులే అనుకున్నా" అన్నారాయన. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. షీటు మీద బ్రాండు పేరు పెద్దగా, మందు పేరు చీమంత అక్షరాలలో ఉన్నప్పుడు రంగు తప్ప ఆయనకు గుర్తేముంది? డాక్టర్లు జెనరిక్ పేర్లతో, అంటే మందు అసలు పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధనను సవరించింది. 2023 ఆగస్టులో దాన్ని మరింత కఠినం చేస్తూ వచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో పక్కనపెట్టారు. ఆ వివాదంలో ఎవరి పక్షం వహించినా, దీర్ఘకాలం వాడే మందుల చీటీలో మాత్రం బ్రాండు పేరు పక్కన జెనరిక్ పేరు ఉండి తీరాలని నా అభిప్రాయం.

సంచీలో లేనివాటి గురించి విడిగా అడగాలి. కంటి చుక్కలను మందుగా లెక్కపెట్టేవారు అరుదు. గ్లాకోమాకు వేసే టిమొలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పించగలవు. మోకాళ్ళ నొప్పికి అప్పుడప్పుడు షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర గురించి కూడా ఎవరూ చెప్పరు. టెల్మిసార్టన్, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ ఒకేసారి పడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

మాత్రల లెక్క కూడా చాలా విషయాలు చెబుతుంది. నెలకు సరిపడా రాసిన మందు నెలన్నరకు అయిపోయిందంటే మూడు రోజులకొక రోజు వేసుకోవడం లేదని అర్థం. అప్పుడు బీపీ ఎక్కువగా ఉందని మోతాదు పెంచడం పొరపాటు. అయితే మనిషిని అనుమానించేముందు షీట్లను చూడాలి. ఒక మందు షీటులో పది మాత్రలు, ఇంకొకదానిలో పదిహేను, థైరాయిడ్ మాత్రలేమో నూరు ఉన్న సీసా. కాబట్టి ఏదీ ఒకే రోజున అయిపోదు. నెలలో మూడుసార్లు షాపుకు తిరగవలసివచ్చిన పెద్దావిడ ఒకసారి విసుగుపుట్టి మానేస్తుంది. అన్ని మందులూ ఒకే తేదీకి అయ్యేలా మొదటి నెలలో తక్కువైనవి సర్ది రాయడం చిన్న గుమాస్తా పనిలా కనిపిస్తుంది, కానీ మందు మానేవారిని తగ్గించడంలో ఏ ఉపన్యాసం కంటే ఇది బాగా పనిచేస్తుందని నా అనుభవం.

ఇప్పుడు నేను చీటీ అడుగున రాసే వాక్యం ఇలా ఉంటుంది: "పై మందులను నెలకొకసారి చొప్పున మూడుసార్లు ఇవ్వవచ్చు; ఫలానా తేదీ తరువాత ఇవ్వవద్దు; అంతకుముందు ఫలానా పరీక్ష చేయించుకుని రావాలి." షాపువారి కోసం దీన్ని ఇంగ్లీషులో రాసి, రోగి కోసం వారు చదవగలిగిన లిపిలో మళ్ళీ రాస్తాను. మా ప్రాంతంలో తెలుగు చక్కగా మాట్లాడే పెద్దవారిలో ఎక్కువమందికి చదవడం తమిళమే వచ్చు, కాబట్టి తెలుగువారికి తెలుగులో రాయాలన్న ఉత్సాహాన్ని కొంచెం అదుపులో పెట్టుకోవలసివచ్చింది. నిద్ర మాత్రలు, అల్ప్రజోలామ్ వంటివి, ట్రమడాల్ అనే నొప్పి మందు, స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు ఈ వాక్యం కిందికి రావు. వాటికి వేరే చీటీ, వేరే తేదీ. వీటిలో అల్ప్రజోలామ్‌తో పాటు కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా షెడ్యూల్ హెచ్1 కిందికి వస్తాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఆ షెడ్యూల్ మందులను అమ్మినప్పుడు షాపువారు విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. అంత కట్టుదిట్టం ఉన్నదాన్ని మనమే ఉదారంగా మూడుసార్లు ఇవ్వండి అనడం తగదు.

బ్రిటన్‌లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఏడాది వరకు విడతలవారీగా మందులు ఇచ్చేలా డాక్టరు ఒకేసారి సంతకం చేయగలరు. ప్రతి విడతలోనూ ఫార్మసిస్టు ఏమైనా మార్పు వచ్చిందా అని అడిగి ఇస్తారు. ఒక్క డాక్టరూ ఒక్క సిస్టరూ ఉన్న మాలాంటి క్లినిక్‌లో ఆ ప్రశ్నలు అడిగేది సిస్టరు. ఈ మధ్య ఎక్కడైనా పడిపోయారా, ఆసుపత్రిలో చేరారా, వేరే డాక్టరు ఏదైనా కొత్తది ఇచ్చారా, చివరి రిపోర్టు ఎప్పటిది అని అడిగి నోటుపుస్తకంలో రాస్తుంది. ఒక్కదానికి "అవును" అని వచ్చినా నేను కూర్చోబెట్టి చూస్తాను. పాత చీటీ చూసి కొత్తది రాయడం మాత్రం సిస్టరుకు అప్పగించను; థైరాయిడ్ మాత్రలో 25కూ 75కూ తేడా ఒక్క అంకె, చూసి రాసేటప్పుడు జారిపోవడానికి అది చాలు.

వాట్సాప్‌లో ఫోటో పంపి "మేడమ్, ఇవే మళ్ళీ రాసి పంపండి" అనే పిల్లలకు నేను చెప్పే నియమం 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలలో ఉన్నదే. అదే జబ్బుకు ఆరు నెలల లోపు నేరుగా చూసిన రోగి అయితే ఫాలో-అప్‌గా మందులు కొనసాగించవచ్చు. అమ్మకం మీద మరింత కట్టుదిట్టం ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి మాత్రం ఫోనులో రాయకూడదు. నేను దీనికి ఒకటి కలుపుతాను: మందులు వేసుకునే మనిషే ఫోనులో మాట్లాడాలి. హైదరాబాదులో ఉన్న కూతురు "అమ్మ బాగానే ఉంది" అన్నది ప్రేమతోనే గానీ, అమ్మ గొంతు వింటే ఆయాసం తెలుస్తుంది.

తమిళనాడు ప్రభుత్వం చేసిన ఒక పని గురించి చెప్పాలి. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువమ్' (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకం కింద బీపీ, షుగరు ఉన్నవారి ఇళ్ళకు మందులు తీసుకువెళ్ళి ఇస్తున్నారు. ఇంటికి మందు వస్తుందన్నదానికంటే, మందుతో పాటు బీపీ చూసే మనిషి కూడా వస్తుందన్నది నాకు నచ్చిన విషయం. పాత మందులు ఇవ్వడమూ, మనిషిని చూడటమూ అక్కడ విడిపోలేదు. మాలాంటి ప్రైవేటు డాక్టర్లు ఆ మందుల గురించి అడిగి తమ చీటీలో చేర్చుకోకపోతే, పైన చెప్పిన మూడు రంగుల సంచీ ఇంకో రంగు పెంచుకుంటుంది.

ఇక మన తెలుగు ఇళ్ళలో ప్రత్యేకంగా వచ్చే సందర్భం అమెరికా ప్రయాణం. కూతురి కాన్పుకో, మనవడి బారసాలకో వెళ్ళేవారు ఆరు నెలల మందులు ఒకేసారి రాయమని బయలుదేరే వారంలో వస్తారు. అక్కడికి సొంత వాడకం కోసం సాధారణంగా మూడు నెలలకు సరిపడా మందులే వెంట తీసుకెళ్ళవచ్చు, కాబట్టి మిగతా మూడు నెలల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. మాత్రలను డబ్బాల్లో కలిపి పోయకుండా అసలు షీట్లతోనే పెట్టుకోవాలి, జెనరిక్ పేర్లు, జబ్బుల పేర్లు ఉన్న సంతకం చేసిన ఉత్తరం చేతి సంచీలో ఉండాలి; మన బ్రాండ్లు అక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియవు. వీటన్నిటికంటే ముఖ్యం, టికెట్టు తేదీకి కనీసం రెండు నెలల ముందు రావడం. పరీక్షలో థైరాయిడ్ మోతాదు మార్చవలసివస్తే మళ్ళీ టీఎస్‌హెచ్ చూడటానికి ఆరు వారాలు పడుతుంది, ఆ రిపోర్టు చూసిన తరువాతే ప్రయాణం చీటీ మీద నేను సంతకం పెడతాను.